పన్ను మనిషి వెంట, ప్రయోజనం చిరునామా వెంట
సూరత్ తెలుగు నేత కుటుంబాల చేతికందే ఆదాయంపై ఒక సమీక్ష

సూరత్‌లో సాంచె (మరమగ్గం) నడిపే తెలుగు కార్మికుణ్ణి నెలకు ఎంత వస్తుందని అడిగితే ఒక అంకె చెబుతాడు. ఆ ఒక్క అంకెతో ఆ ఇంటి పరిస్థితి తెలియదు. అందులోంచి ఎంత కోత పడుతోంది, కొట్లో కొనే సరుకుల ధరలో ఎంత పన్ను కలిసి ఉంది, ప్రభుత్వం నుంచి బియ్యంగానో వైద్యంగానో బడిగానో ఎంత తిరిగి వస్తోంది, ఒంట్లో సత్తువ తగ్గే నాటికి ఎంత జమవుతోంది అన్న నాలుగు లెక్కలూ తేలాలి. అప్పుడే ఆ కుటుంబం నిజంగా ఎంత సంపాదిస్తోందో చెప్పగలం.

మన దగ్గర పన్నుల చర్చ బడ్జెట్ రోజున మొదలై ఆదాయపు పన్ను శ్లాబులతో ముగుస్తుంది. 2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల రూపాయల దాకా, జీతగాళ్లకైతే ప్రామాణిక తగ్గింపుతో కలిపి 12 లక్షల 75 వేల దాకా ఆదాయపు పన్ను లేదు. నేత కార్మికుడి సంపాదన ఆ గీతకు ఎంతో కింద ఉంటుంది. అంతమాత్రాన అతను పన్ను కట్టడం లేదని కాదు. వేరే దారుల్లో కడుతున్నాడు. ఆ దారులన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పన్నులు మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వెంట వస్తాయి. ప్రయోజనాల్లో చాలా భాగం మాత్రం పుట్టిన ఊరి చిరునామా దగ్గరే ఆగిపోతుంది. వలస కుటుంబానికి జరిగే అసలు నష్టం ఇదే. ఈ వ్యాసంలో పరిశీలించేది దాన్నే.

లెక్క కట్టే పద్ధతి

ఇలాంటి లెక్కను ఏళ్ల తరబడి పద్ధతిగా కడుతున్న దేశం అమెరికా. అక్కడి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం కుటుంబాల ఆదాయాన్ని దశలవారీగా చూస్తుంది. మొదట కుటుంబం సొంతంగా సంపాదించింది, దానికి ప్రభుత్వం ఇచ్చేవి కలపడం, ఆపైన పన్నులు తీసేయడం. జీతం చీటీలో సామాజిక భద్రతకు 6.2 శాతం, వృద్ధుల వైద్యానికి 1.45 శాతం కోత పడుతుంది. యజమాని కూడా అంతే కడతాడు. మరోవైపు తక్కువ జీతంతో పనిచేసేవారికి 1975 నుంచి ఒక పన్ను రాయితీ ఉంది. కట్టాల్సిన పన్ను కంటే రాయితీ ఎక్కువైతే మిగతా సొమ్ము చేతికే వస్తుంది. అది కేంద్ర ప్రభుత్వ రాయితీ కనుక కార్మికుడు టెక్సస్ నుంచి ఒహాయోకు మారినా ఆగదు. పేదల వైద్య పథకం మెడికెయిడ్‌ను రాష్ట్రాలు నడుపుతాయి కనుక ఊరు మారినవాళ్లు కొత్త రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకే దేశంలో రెండు రకాల ప్రయోజనాలు, ఒకటి మనిషితో కదిలేది, మరొకటి కదలనిది.

పారిశ్రామిక దేశాల కూటమి ఓఈసీడీ ఏటా మరో కొలత ప్రకటిస్తుంది. ఒక కార్మికుడి మీద యజమాని పెట్టే మొత్తం ఖర్చులో కార్మికుడికి చేరకుండా పన్నులుగా, సామాజిక భద్రత చందాలుగా పోయేది ఎంత అన్నది ఆ కొలత. సగటు జీతం మీద బతికే ఒంటరి కార్మికుడి విషయంలో అమెరికాలో ఈ తేడా సుమారు 30 శాతం, కూటమి దేశాల సగటు దాదాపు 35 శాతం. భారత్ ఆ జాబితాలో లేదు. అయినా కొలత పనికొస్తుంది. దాన్ని సూరత్‌కు తెచ్చి చూద్దాం.

సూరత్‌లో మనవాళ్లు

తెలంగాణలోని వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు అర్ధ శతాబ్దానికి పైగా సూరత్‌కు వలస వెళ్తున్నాయి. చేనేత ఆదరువు తప్పినప్పుడు కొందరు షోలాపూర్, భివండి దారి పట్టారు, కొందరు సూరత్ చేరారు. లింబాయత్, డిండోలి, ఉధనా వైపు తెలుగు వాడలు ఏర్పడ్డాయి. మూడో తరం అక్కడే పెరుగుతోంది. నగరంలో లక్షల మరమగ్గాలు పాలిస్టర్ బట్ట నేస్తున్నాయి. పని సాధారణంగా 12 గంటల షిఫ్టు, కూలి మీటరు లెక్క. కరెంటు పోయినా, నూలు అందకపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా మీటర్లు తగ్గుతాయి, మీటర్లతోపాటు పగారూ తగ్గుతుంది. బట్టలో తప్పు పడితే డ్యామేజీ కోత. ముందే తీసుకున్న ఉపాడ్ (అడ్వాన్సు) ఉంటే అదీ మినహాయించుకుంటారు. దక్షిణ గుజరాత్ శ్రమజీవులను దశాబ్దాలుగా పరిశీలించిన డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ తన పుస్తకాల్లో చూపించింది ఈ నిలకడలేనితనాన్నే.

చీటీ ఉన్న కార్మికుడు, చీటీ లేని కార్మికుడు

ఉదాహరణకు నెలకు 15,000 రూపాయల జీతం తీసుకునే ఇద్దరిని అనుకుందాం. ఒకరు అన్నీ రాతపూర్వకంగా నడిచే మిల్లులో ఉన్నారు. రెండోవారు పేరు ఏ పుస్తకంలోనూ లేని కార్ఖానాలో ఉన్నారు.

మొదటి కార్మికుడికి భవిష్య నిధి కింద 12 శాతం, అంటే 1,800 రూపాయలు పోతాయి. కార్మికుల వైద్య బీమా ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున సుమారు 113. గుజరాత్‌లో నెలకు 12,000 దాటిన జీతం మీద వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది 12,887. యజమాని తన వంతుగా భవిష్య నిధికీ పింఛనుకూ కలిపి 1,800, ఈఎస్ఐకి 3.25 శాతం చొప్పున 488, బీమాకూ నిర్వహణకూ మరో 150 కడతాడు. అంటే ఆ కార్మికుడి మీద అయ్యే మొత్తం ఖర్చు 17,438. ఓఈసీడీ కొలతలో చూస్తే తేడా 26 శాతం. అమెరికా అంకెకు చాలా దూరమేమీ కాదు.

కానీ ఈ 26 శాతం అంతా పన్ను అనుకుంటే పొరపాటు. ఖజానాకు పన్నుగా పోయేది ఆ 200 మాత్రమే. కార్మికుడు, యజమాని కట్టే వాటాల నుంచి 2,350 కార్మికుడి సొంత ఖాతాలో పడుతుంది, దానికి 2024-25లో 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మరో 1,250 పింఛను నిధికి చేరుతుంది. ఈఎస్ఐ వల్ల కుటుంబానికి వైద్యం ఉంటుంది. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం, ప్రసవానికి 26 వారాల పూర్తి జీతం వస్తాయి. కార్మికుడు పనిలో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల దాకా బీమా ఉంది.

రెండో కార్మికుడు 15,000 పూర్తిగా ఇంటికి తెస్తాడు. ఏడాదికి 25,356 రూపాయలు మొదటివాడి కంటే ఎక్కువ. అదే ఏడాదిలో మొదటివాడి పేరున పొదుపూ పింఛనూ కలిపి 43,200 జమవుతుంది. రెండోవాడికి జమ సున్నా. మూడు నెలలు మంచం పడితే మొదటివాడికి రోజుకు 350 రూపాయలు వస్తాయి, రెండోవాడికి అప్పు పుడుతుంది.

మరి చాలామంది కార్మికులు భవిష్య నిధి వద్దు, చేతికే ఇవ్వండి అని ఎందుకు అడుగుతారు? వాళ్లకు తెలియక కాదు. ఇంటద్దె, పిల్లల ఖర్చు, ఊరికి పంపాల్సిన డబ్బు ఈ నెలవి. కార్ఖానా మారినప్పుడల్లా ఖాతా సంగతి తేలక, పేరులో ఒక అక్షరం తేడా వచ్చి దరఖాస్తు తిరిగొచ్చి, విసిగినవాళ్లు ఎందరో. కార్మికుల పింఛను పథకంలో కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఇంత కట్టించుకుని చివరకు ఇంతేనా అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. యజమాని వాటా కూడా కాలక్రమంలో మీటరు ధరలోంచే తగ్గుతుందని వాదించే ఆర్థికవేత్తలున్నారు. అది కొంత నిజమే కావచ్చు. అయినా జబ్బు వచ్చిన నెలలో ఆదుకునేది ఈఎస్ఐ ఒక్కటే. ఆ కారణంగా నేను మొదటి కార్మికుడి పక్షమే.

అసలు చిక్కు ఎంచుకునే అవకాశం లేకపోవడం. భవిష్య నిధి చట్టం సాధారణంగా 20 మంది, ఈఎస్ఐ 10 మంది పనిచేసే చోట వర్తిస్తాయి. ఒకే కప్పు కింది మగ్గాలు వేర్వేరు పేర్ల మీద చిన్న చిన్న యూనిట్లుగా నమోదైనప్పుడు కార్మికుడు లెక్క నుంచి జారిపోతాడు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు కనీస వేతనాన్ని అన్ని పనులకూ విస్తరించాయి, కోతలన్నీ కలిపి జీతంలో సగం మించకూడదని చెప్పాయి, మొత్తం ప్రతిఫలంలో కనీసం సగాన్ని జీతంగా లెక్కించాలని నిర్వచించాయి. కాగితం మీద ఇవి మేలైన మాటలు. మీటరు లెక్కన పనిచేసేవాడి పేరు రిజిస్టరులోకి ఎక్కినప్పుడే వాటికి విలువ.

కనిపించని కోత

జీతం చీటీ ఉన్నా లేకున్నా తప్పనిది వస్తువుల మీద పన్ను. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. విడి బియ్యం, కూరగాయలు, పాలు, ఇంటద్దె మీద అది లేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ముద్రవేసిన ప్యాకెట్ బియ్యం, పిండి మీద 5 శాతం పడింది. వంటనూనె, గ్యాసు మీద 5 శాతం, మొబైల్ రీచార్జి మీద 18 శాతం. 2025 సెప్టెంబర్ 22న సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. నెలకు 4,000 రూపాయల సరుకులు 5 శాతం కిందివీ, 600 రూపాయలవి 18 శాతం కిందివీ కొనే ఇంట్లో ధరలో కలిసిపోయిన పన్ను సుమారు 280 రూపాయలు అవుతుంది. వృత్తి పన్ను కంటే ఎక్కువే. పెట్రోలు మీది పన్ను, రవాణా ఖర్చు రూపంలో కూరగాయల ధరలోకి ఎక్కే డీజిల్ పన్ను దీనికి అదనం.

సూరత్‌లో జీఎస్టీ మరో దారిలో కూడా కూలిని తాకింది. జనం దీన్ని అంతగా గమనించరు. 2017లో బట్ట మీద 5 శాతం పన్ను వచ్చినప్పుడు వ్యాపారులు వారాల తరబడి మార్కెట్లు మూశారు. బట్ట కదలకపోతే మీటర్లు లేవు, మీటర్లు లేకపోతే పగారు లేదు. ఆ రోజులకు పరిహారం ఎవరూ ఇవ్వలేదు. ఆపైన పాలిస్టర్ నూలు మీద 12 శాతం, నేసిన బట్ట మీద 5 శాతం ఉండేది. కొన్నప్పుడు ఎక్కువ, అమ్మినప్పుడు తక్కువ. ఆ తేడా తిరిగి పొందే వీలు నేతదారులకు 2018 ఆగస్టు నుంచి గాని రాలేదు. పెట్టుబడి అలా ఇరుక్కున్న చిన్న యజమాని మొదట తగ్గించుకోగలిగింది మీటరు కూలినే. 2022 జనవరి నుంచి బట్టను 12 శాతానికి పెంచాలన్న నిర్ణయం ముందురోజు ఆగింది. చివరకు 2025 సెప్టెంబర్ 22న నూలును 5 శాతానికి దించి ఈ వంకర సరిచేశారు. ఎనిమిదేళ్లు పట్టింది. పన్ను ఎవరి పేరున వేశారన్నది ఒకటి, చివరకు దాన్ని మోసింది ఎవరన్నది ఇంకొకటి.

తిరిగి వచ్చేది

ఇప్పుడు తక్కెడలో రెండో పళ్లెం. ఆహార భద్రత చట్టం 2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబంలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది పూర్తిగా ఉచితం, 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు. నలుగురి ఇంటికి 20 కిలోలు. కిలో 40 రూపాయలనుకుంటే 800 రూపాయల విలువ. పైన చెప్పిన జీఎస్టీ, వృత్తి పన్ను రెండూ కలిపినా దీనికి తక్కువే. అంటే కార్డు ఉండి, బియ్యం అందుతున్న ఇల్లు ఈ లెక్కలో లాభంలోనే ఉంది. ఆ కార్డు సూరత్‌లో పనిచేస్తుందా అన్నదే ప్రశ్న.

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ప్రయోగం 2019 ఆగస్టులో రెండు జతలతో మొదలైంది. ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. మరొకటి గుజరాత్, మహారాష్ట్ర. మన వలసకు రెండు కొసలైన రాష్ట్రాలూ తొలి రోజునే ఉన్నాయి, కాని వేర్వేరు జతల్లో. తర్వాత 2022 నాటికి దేశమంతా చేరింది. ఇప్పుడు తెలంగాణ కార్డుతో సూరత్ దుకాణంలో వేలిముద్ర వేసి ధాన్యం తీసుకోవచ్చు. తండ్రి అక్కడ కొంత, ఊళ్లో కుటుంబం మిగతాది తీసుకునే వీలూ ఉంది. ప్రయోజనాన్ని మనిషితో నడిపించడం సాధ్యమే అనడానికి మన దేశంలో ఇంతకంటే గట్టి రుజువు లేదు.

అయితే ఇక్కడా ఒక గీత ఉంది. కదిలేది కేంద్రం ఇచ్చే వాటా మాత్రమే. తెలంగాణ మనిషికి 6 కిలోలు ఇస్తుంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తోంది. ఆ అదనపు కిలో, ఆ సన్నబియ్యం రాష్ట్రం పొలిమేర దాటవు. సూరత్ దుకాణంలో ఏది ఇస్తే అది తీసుకోవాలి, అందులో గోధుమలు కూడా ఉంటాయి.

వైద్యం లెక్క ఇంకా చిక్కు. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచింది. గుజరాత్ కూడా అదే ఏడాది జూలైలో తన పథకాన్ని 10 లక్షలకు పెంచింది. రెండు రాష్ట్రాలూ ఉదారంగానే ఉన్నాయి. మధ్యలో ఉన్న కుటుంబం మాత్రం ఊళ్లో కార్డు పెట్టుకుని సూరత్‌లో జబ్బుపడుతుంది. ఆయుష్మాన్ భారత్ అర్హుల జాబితాలో ఉన్నవారికి దేశమంతా చికిత్స హక్కు ఉంది. రాష్ట్రం తన డబ్బుతో ఇచ్చే అదనపు రక్షణ మాత్రం అలా కదలదు. అప్పుడు దిక్కు నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్ ఆసుపత్రి, ప్రభుత్వ సివిల్ ఆసుపత్రి. చిరునామా అడగకుండా రోగిని చూసే ఇలాంటి ఆసుపత్రులు వలస ఇంటికి పెద్ద ఆదాయం కిందే లెక్క.

బడి కూడా అంతే. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతోపాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఫీజు లేదు, మధ్యాహ్న భోజనం ఉంది. ప్రైవేటు బడికి నెలనెలా కట్టే డబ్బు మిగలడం ఒక లాభం, పిల్లలు అమ్మభాషలో అక్షరాలు దిద్దడం అంతకంటే పెద్ద లాభం. వలస వచ్చినవారి భాషలో బడి నడిపిన ఈ నగరాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

ఇలా అందేవాటిని జాతీయ లెక్కలు సరిగ్గా పట్టుకోవడం లేదు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 6,996 రూపాయలు. ఉచితంగా అందినవాటి విలువ కలిపితే 7,078. తేడా 82 రూపాయలు. పల్లెల్లో ఆ తేడా 125, అంటే 4,122 నుంచి 4,247కు. పల్లెలో ఎక్కువ, పట్నంలో తక్కువ. ఉచిత వైద్యం, చదువుల విలువ ఇందులో లేదు. పట్నానికి చేరిన పేద ఇంటికి ఎంత అందుతోందో విడిగా చెప్పే అంకె ఈ సగటుల్లో కనిపించదు.

ఊళ్లో ఉండిపోయినవి

సొంత రాష్ట్రం నేతన్నకు ఇచ్చేవి తక్కువేమీ కావు. ఆసరా కింద 50 ఏళ్లు దాటిన నేత కార్మికుడికి నెలకు 2,016 రూపాయల పింఛను. 2022 ఆగస్టులో వచ్చిన నేతన్న బీమా 5 లక్షలు. 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పొదుపులో కార్మికుడు వేసినదానికి ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. సిరిసిల్లకు బతుకమ్మ చీరల నేత పని ఇచ్చారు. ఇవికాక మహిళలకు ఉచిత బస్సు, 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు. ఇవన్నీ రాష్ట్రంలో ఉండే కుటుంబాలకు.

అదే వృత్తి, అదే సాంచె, అదే ఊరి మనిషి. సిరిసిల్లలో నేస్తే నేతన్న, సూరత్‌లో నేస్తే ఎవరి లెక్కలోనూ లేని కూలీ. యాభై దాటాక సిరిసిల్ల మనిషికి 2,016 పింఛను ఉంటే, సూరత్‌లో భవిష్య నిధి కట్టినవాడికి 58 దాటాక హామీ ఉన్నది 1,000, కట్టనివాడికి ఏమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పుపట్టడం తేలికే, కానీ రాష్ట్రం డబ్బు రాష్ట్రంలో ఉన్నవారికే అనడంలోనూ తర్కం ఉంది. అయితే వలస పోయినవాడు గుజరాత్ ఖజానాకు పన్నులు కడుతూనే ఊరికి డబ్బు పంపుతున్నాడు. ఆ డబ్బుతో ఊళ్లో కొన్న ప్రతి వస్తువు మీదా తెలంగాణకూ పన్ను చేరుతోంది. రెండు ఖజానాలకూ ఇస్తున్నవాడు రెండుచోట్లా పరాయివాడు కావడం న్యాయం కాదు.

2017 అక్టోబర్ 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు సూరత్, షోలాపూర్, భివండి వెళ్లినవారిని వెనక్కి రప్పించాలన్న ఆశ ప్రకటించారు. మంచి ఆశయం. కానీ మూడు తరాలుగా స్థిరపడిన కుటుంబాలన్నీ తిరిగి రావు. రానివారికీ హక్కు ఉంది.

ఈ సమస్య నేత కార్మికులకే పరిమితం కాదు. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగు ఇంజనీర్లు ప్రతి నెలా అక్కడి సామాజిక భద్రతకు కడతారు. ఆ పింఛనుకు సాధారణంగా పదేళ్ల చందా ఉండాలి. బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాలతో భారత్‌కు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి, అమెరికాతో లేదు. పదేళ్లు నిండకముందే తిరిగొచ్చినవారు కట్టినదాన్ని అక్కడే వదిలేస్తారు. లింబాయత్ కార్మికుడికీ, డాలస్ ఇంజనీరుకూ ఆదాయంలో పోలిక లేదు. కట్టింది ఒకచోట, హక్కు ఇంకొకచోట అన్న కష్టం మాత్రం ఇద్దరిదీ.

ఏం చేయాలి

ఉచితాలు జనాన్ని సోమరులను చేస్తాయన్న వాదన తరచూ వినిపిస్తుంది. 12 గంటలు నిలబడి మగ్గాలు నడిపే మనిషికి నెలకు 20 కిలోల ధాన్యం ఇస్తే సోమరి అవుతాడని నేను నమ్మను. ఇవన్నీ ఆపి నగదే ఇవ్వాలన్నది మరో వాదన. నగదు కదలడం సులువే, కానీ ధరలు పెరిగినప్పుడు దాని విలువ కరుగుతుంది. 2020 ఏప్రిల్‌లో కార్ఖానాలు మూతబడి సూరత్ కార్మికులు ఊళ్లకు పంపమని రోడ్ల మీదకు వచ్చినప్పుడు, కార్డు ఊళ్లో ఉండిపోయినవారికి కావాల్సింది ఆ రోజు తినడానికి తిండి. వాదన ధాన్యమా నగదా అన్నదగ్గర కాకుండా, ఏదైనా సరే మనిషితో కదులుతుందా లేదా అన్నదగ్గర జరగాలి.

మొదటిది, రేషన్‌కు పనిచేసిన పద్ధతిని వైద్యానికీ పింఛనుకూ విస్తరించాలి. తెలంగాణ, గుజరాత్ పరస్పరం లెక్కలు సరిచూసుకుని ఒకరి కార్డును మరొకరు అంగీకరిస్తే ఏ ఖజానాకూ పెద్ద భారం పడదు. రెండోది, నేతన్న బీమాను సూరత్‌లో ఉన్న తెలంగాణ నేత కుటుంబాలకు వర్తింపజేయాలి. బీమా ప్రీమియం సభ్యుడి పేరు మీద ఉంటుంది, మగ్గం ఉన్న ఊరికి దానితో పనిలేదు. మూడోది, 2021 ఆగస్టులో మొదలైన అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదును ఈఎస్ఐకి కలిపి, యూనిట్ ఎంత చిన్నదైనా నేత కార్మికుడికి ఈఎస్ఐ ఇవ్వాలి. నాలుగోది, కార్మికుల కనీస పింఛనును 1,000 రూపాయల నుంచి పెంచాలి. పెంచితే భవిష్య నిధి మీద కార్మికుడికి నమ్మకం కుదురుతుంది, చీటీ మీద పేరు రాయమని తానే అడుగుతాడు. అయిదోది, ఉన్నత చదువుల ప్రవేశాల్లో వలస పిల్లలకు రెండు రాష్ట్రాల్లో ఒకచోటైనా స్థానికులన్న హోదా ఖాయం కావాలి.

ఇంటి దగ్గర చేయగలిగిన పనులూ ఉన్నాయి. నెలకు 15,000 లోపు సంపాదన ఉండి 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్నవారు, భవిష్య నిధి గాని ఈఎస్ఐ గాని లేకపోతే, శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో చేరవచ్చు. 29 ఏళ్లవాడు నెలకు 100 కడితే ప్రభుత్వం మరో 100 వేస్తుంది, 60 తర్వాత నెలకు 3,000 పింఛను. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా బ్యాంకు ఖాతాతోనే వస్తాయి. ఆధార్‌లో, రేషన్ కార్డులో, భవిష్య నిధిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవడానికి సూరత్ తెలుగు సంఘాలు పండగలప్పుడు ఒక బల్ల వేసి నలుగురు చదువుకున్న పిల్లలను కూర్చోబెడితే చాలు. ఎన్నో ఇళ్లలో ఆగిపోయిన హక్కు కదులుతుంది.

పన్ను వసూలు చేసేటప్పుడు ఏ ప్రభుత్వమూ కార్మికుణ్ణి నీది ఏ ఊరని అడగలేదు. ప్రయోజనం ఇచ్చేటప్పుడు కూడా అడగకూడదు. చేతికందే ఆదాయాన్ని పెంచడానికి కొత్త పథకాలు రాసుకునే ముందు, ఉన్న పథకాలను సూరత్ దాకా నడిపిస్తే తెలుగు నేత కుటుంబాలకు నెలనెలా తేడా తెలుస్తుంది.